నా గ్రాఫు నున్నగా వచ్చింది, బేరింగ్ మాత్రం పోయింది

ఆ గ్రాఫును చూసి మురిసిపోయిన సాయంత్రం బాగా గుర్తుంది. తెరమీద రెండు గీతలున్నాయి. నీలిరంగు గీత పంపు మీద అమర్చిన సెన్సారు పంపిన అసలు కంపనం, దువ్వెన తగలని జుట్టులా చిందరవందరగా ఉంది. దాని మీదుగా నా ఆటోఎన్‌కోడర్ ఎర్రరంగులో మళ్ళీ గీసిన గీత మాత్రం నున్నగా, వంపులు తిరుగుతూ సాగిపోయింది. ఆటోఎన్‌కోడర్ అంటే ఉదాహరణల నుంచి నేర్చుకునే ఒక రకం ప్రోగ్రాం, న్యూరల్ నెట్‌వర్క్. 2,048 సంఖ్యల ముక్కను అది 32 సంఖ్యలకు కుదించి, ఆ 32 నుంచే మొత్తం గీతను తిరిగి పుట్టించింది. అరవై నాలుగు రెట్ల కుదింపు! ఆ బొమ్మను ప్రింటు తీసి నా బల్ల ఎదుట గోడకు అంటించుకున్నాను.

పదకొండు రోజుల తర్వాత, ఆ బొమ్మ ఏ పంపుదో ఆ పంపుకే బేరింగ్ పోయింది. ఆ కుదించిన సంఖ్యలను చూసి పంపు బాగుందో లేదో చెప్పే నా వర్గీకరణ మోడల్ దాన్ని చివరి గంట వరకూ ‘బాగుంది’ అనే తరగతిలోనే ఉంచింది.

నా వృత్తి యంత్రాల నిర్వహణ. ప్రోగ్రామింగ్ తర్వాత అవసరం కొద్దీ నేర్చుకున్నది. నా పరిధిలో పన్నెండు పంపులున్నాయి. ఒక్కోదాని బేరింగ్ గూటి మీద ఒక కంపన సెన్సారు, సెకనుకు 12,000 సార్లు కొలుస్తుంది. రోజుకు 86,400 సెకన్లు కదా, గుణించి చూడండి: ఒక్క పంపు నుంచే రోజుకు వంద కోట్లకు పైగా సంఖ్యలు. ఇలా కాలక్రమంలో వరుసగా వచ్చే కొలతలనే గణాంకశాస్త్రంలో కాలశ్రేణి అంటారు. గుండె విద్యుత్ రేఖ, ఉష్ణోగ్రతల పట్టిక, నా పంపుల వణుకు, అన్నీ ఆ కుటుంబానివే. ఇన్ని సంఖ్యలను అలాగే మోయలేం కాబట్టి ఎవరికైనా తట్టే మొదటి ఆలోచన తగ్గించడం. నాకూ అదే తట్టింది. ఎలా తగ్గించాలన్న దగ్గర ఆరు నెలలు పోయాయి.

మొదట చేసింది సగటు. వంద బిందువులకొక సగటు తీసి, సెకనుకు 12,000 సంఖ్యలను 120 చేశాను. పాత పద్ధతే, కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. 2003లో వచ్చిన శాక్స్ అనే పద్ధతి ఇంకో అడుగు ముందుకు వేస్తుంది: ముక్కల సగటులను తీసుకుని, ఒక్కో సగటుకు అది ఏ మెట్టులో పడుతుందో చూసి ఒక అక్షరం ఇస్తుంది. దాంతో కాలశ్రేణి ఒక పదంలా మారిపోతుంది, పదాలను వెతికినట్టే వెతకవచ్చు. నాకు ఆ ఆలోచన ఎంతగా నచ్చిందంటే, ఒక వారమంతా పంపుల ‘పదాలు’ చదువుతూ కూర్చున్నాను. పాడైన పంపు పదమూ, బాగున్న పంపు పదమూ అచ్చం ఒకేలా ఉన్నాయి.

మా దగ్గర ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్న పెద్దాయన ఒకరున్నారు. ఆయన పరికరం పొడుగాటి స్క్రూడ్రైవర్. కొసను బేరింగ్ గూటికి ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు నొక్కిపెట్టి కళ్ళు మూసుకుంటారు. ఆ బేరింగ్ పోవడానికి వారం ముందే ఆయన నన్ను పిలిచి, “టిక్కు టిక్కుమంటోంది, వినమ్మా” అన్నారు. విన్నాను. నాకు హోరు తప్ప ఏమీ వినిపించలేదు. ‘మోడల్ బాగానే ఉందంటోంది కదా’ అనుకుని తిరిగొచ్చాను. (ఈ వాక్యం రాయకుండా దాటేద్దామనుకున్నాను, మనసొప్పలేదు.)

ఆ టిక్కు ఎక్కడిదో తర్వాత కాగితం మీద లెక్క వేశాను. మా పంపుల్లో వాడేది 6205 రకం బేరింగ్, లోపల 9 గుండ్లు. బయటి వలయంలో చిన్న గుంట పడితే, తిరిగే గుండు దాని మీదుగా వెళ్ళిన ప్రతిసారీ ఒక దెబ్బ. ఈ రకం బేరింగ్ కొలతల ప్రకారం, శాఫ్టు (పంపులో తిరిగే ఇరుసు) ఒక చుట్టు తిరిగేలోగా అలాంటి దెబ్బలు సుమారు 3.585 పడతాయి. శాఫ్టు నిమిషానికి 1,480 చుట్లు, అంటే సెకనుకు 24.67. కాబట్టి సెకనుకు దాదాపు 88 దెబ్బలు. అయితే సెన్సారుకు నేరుగా చేరేది ఆ 88 కాదు. ఒక్కో దెబ్బకూ బేరింగ్ గూడు గంటలా మోగుతుంది, ఆ మోత వేల హెర్ట్జ్‌లలో, అంటే సెకనుకు వేల ఊపులతో ఉంటుంది, రెండు మూడు మిల్లీసెకన్లలో చచ్చిపోతుంది. తర్వాత నిశ్శబ్దం, మళ్ళీ దెబ్బ.

ఇప్పుడు నా వంద బిందువుల సగటును దాని మీద పెట్టి చూడండి. గంట మోత అంటే పైకీ కిందికీ ఊగే గీత. ఎంత పైకి లేస్తుందో అంతే కిందికి దిగుతుంది. సగటు తీస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని దాదాపు సున్నా మిగులుతుంది. పోనీ 88 హెర్ట్జ్ లయ అయినా మిగులుతుందా? సెకనుకు 120 సంఖ్యలే ఉన్న శ్రేణిలో 60 హెర్ట్జ్‌కు పైనున్నదేదీ సరిగా కనిపించదు. రెండు విధాలా పోయింది. జాగ్రత్తగా మిగుల్చుకున్నదేమో శాఫ్టు ఊగిసలాట, అంటే ప్రతి పంపులోనూ ఉండేది, ఏ జబ్బునూ చెప్పనిది.

కాలశ్రేణిని తగ్గించే పద్ధతుల్లో కొన్ని కంటి కోసం పుట్టినవన్న సంగతి అప్పుడే నాకు అర్థమైంది. డగ్లస్, ప్యూకర్ 1973లో ప్రచురించిన గీతల సరళీకరణ పద్ధతి పటాలు గీసేవారి అవసరం నుంచి వచ్చింది: తీరరేఖలో వందల బిందువులు తీసేసినా ఆకారం చెడకూడదు. 2013లో వచ్చిన, త్రిభుజాల వైశాల్యం చూసి బిందువులను ఎంచే పద్ధతి, గ్రాఫు తెరమీద అసలులాగే కనిపించాలని పుట్టింది. రెండూ వాటి పని చక్కగా చేస్తాయి. నేను అడిగిందే వేరు. ‘చూడటానికి అలాగే ఉందా?’ అని కాక ‘గుంట ఉందా, లేదా?’ అని అడిగేవాడికి తీరరేఖ అందం ఎందుకు?

ఆటోఎన్‌కోడర్ వైపు మళ్ళింది అందుకే. ఎక్కడ ఏది తీసేయాలో నేను చెప్పనక్కర్లేదు, డేటాను చూసి అదే నేర్చుకుంటుంది అనుకున్నాను. దాని నిర్మాణం మధ్యలో నొక్కిన గొట్టంలాంటిది. ఇటు నుంచి 2,048 సంఖ్యలు వెళ్తాయి, మధ్యలో 32 మాత్రమే పట్టే ఇరుకు, అటు నుంచి మళ్ళీ 2,048 రావాలి. వచ్చినదానికీ వెళ్ళినదానికీ తేడాను బిందువు బిందువునా తీసి, వర్గం చేసి, సగటు కట్టి, ఆ విలువ తగ్గేలా నెట్‌వర్క్‌ను వేలసార్లు సరిదిద్దుతాం. హింటన్, సలాఖుద్దీనోవ్ 2006లో చేతిరాత అంకెల బొమ్మలను, ఒక్కోదానిలో 784 చుక్కలు, 30 సంఖ్యలకు కుదించి చూపించారు. బొమ్మలకు పనిచేసింది పంపుకు ఎందుకు పనిచేయదు?

ఎందుకు పనిచేయదో ఆ ‘వర్గం’ అన్న మాటలోనే ఉంది. శాఫ్టు ఊగిసలాట ఎత్తు 1 అనుకోండి. గంట మోత ఎత్తు 0.2, అదీ మొత్తం సమయంలో పదో వంతు మాత్రమే ఉంటుందనుకోండి. 0.2ను వర్గం చేస్తే 0.04. పదో వంతు సమయమే కాబట్టి 0.004. అంటే నెట్‌వర్క్ ఆ మోతను పూర్తిగా మరిచిపోయినా, ఊగిసలాట లెక్కలో వెయ్యికి నాలుగు వంతుల తప్పే పడుతుంది. 32 సంఖ్యల ఇరుకులో నిలబడి ఏది వదిలేయాలా అని చూసే నెట్‌వర్క్‌కు ఇంతకంటే చవకబేరం దొరకదు. అది నాకు ద్రోహం చేయలేదు, అడిగింది అడిగినట్టు చేసింది. ఎర్రగీత అంత నున్నగా ఎందుకుందంటే బేరింగ్ జబ్బంతా ఊడ్చి బయట పారేసింది కనుక. ఆ ఊడ్చిన చెత్తను నేను ‘శబ్దం’ (నాయిస్, అంటే కొలతల్లో కలిసే పనికిరాని అలజడి) అని పిలిచి, ‘శబ్దం తొలగింపు కూడా ఉచితంగా వచ్చింది’ అని నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. అడుగున రెండుసార్లు గీత కూడా గీశాను.

గోడమీది ప్రింటును మర్నాడు దించాను. 2,048 బిందువులంటే 0.17 సెకను, సెకనుకు 88 దెబ్బల లెక్కన పదిహేను ఉండాలి. నీలిగీత మీద పెన్సిల్‌తో వెతుక్కుంటూ వెళ్తే పదిహేనూ దొరికాయి, సమాన దూరాల్లో. ఎర్రగీతలో ఒక్కటీ లేదు. చుక్కలు పెట్టిన ప్రింటును మళ్ళీ అక్కడే అంటించాను.

రెండో ప్రయత్నంలో గొట్టం అటు చివర కోసేశాను. గీతను తిరిగి పుట్టించే పని లేదు, కుదించిన సంఖ్యలు నేరుగా వర్గీకరణకే వెళ్తాయి. తప్పు తరగతి చెబితేనే దండన. అప్పుడు ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న నిర్ణయం గీత అందాన్ని బట్టి కాక, గుంట ఉందా లేదా అన్న ప్రశ్నను బట్టి జరుగుతుంది.

అయినా వెంటనే కుదరలేదు. బొమ్మలను గుర్తించే నెట్‌వర్క్‌ల అలవాటు కొద్దీ మొదటి పొరలో మూడేసి బిందువుల వడపోతలు, అంటే గీత మీదుగా జారుతూ ఒక్కో ఆకారాన్ని వెతికే చిన్న నమూనాలు, పెట్టాను. సెకనుకు 12,000 కొలతలున్న చోట మూడు బిందువులంటే సెకనులో నాలుగువేలవ వంతు. చీమ కంటితో ఏనుగును చూసినట్టు. వాటిని 64 బిందువుల వెడల్పుకు మార్చాక, అంటే ఐదు మిల్లీసెకన్లు దాటాక, శిక్షణ గాడిన పడింది.

ఆ తర్వాత చూసినది ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. మొదటి పొరలో నేర్చుకున్న పదహారు వడపోతలనూ ఒక్కొక్కటిగా తీసి, ఏది ఏ పౌనఃపున్యాన్ని పట్టుకుంటుందో గీసి చూశాను. చాలావాటికి ఆకారమే లేదు. కానీ మూడు వడపోతలు శాఫ్టు ఊగే కింది పౌనఃపున్యాలను పూర్తిగా వదిలేసి, మూడు వేల హెర్ట్జ్ చుట్టుపక్కల చెవి పెట్టాయి. అంటే గూడు మోగే చోట! దాని వెంటనే ఉండే రెలూ అనే మెట్టు సున్నా కంటే తక్కువ ఉన్నవాటిని చెరిపేస్తుంది. పైకీ కిందికీ ఊగే మోతలో పై సగమే మిగులుతుంది కాబట్టి, ఇప్పుడు సగటు తీసినా సున్నా కాదు. ఆ తర్వాతి మెట్టు పక్కపక్క బిందువులను కలిపి సగటు తీస్తుంది. మిగిలేది సెకనుకు 88 సార్లు ఉబ్బి తగ్గే ఒక నెమ్మది గీత.

కంపనాల విశ్లేషణ తెలిసినవారు ఈపాటికి నవ్వుతూ ఉంటారు. వడపోసి, సగం చెరిపి, నునుపు చేసి, దెబ్బల లయను చూడటం, దాన్నే ఎన్వలప్ విశ్లేషణ అంటారు. న్యూరల్ నెట్‌వర్క్‌లు ఈ రంగంలోకి రాకముందునుంచీ బేరింగ్‌లకు వాడుతున్నదే. దాన్ని ఎవరూ చెప్పకుండా నా నెట్‌వర్క్ తనంత తాను చేరుకుంది. విచిత్రమేమిటంటే మొదట నేను చేసిన తప్పు కూడా సగటే, ఇప్పుడు ఇది చేస్తున్నదీ సగటే. మధ్యలో సగం చెరపడం ఒక్కటే తేడా. పెద్దాయనకు ఇదంతా చెప్పాను. స్క్రూడ్రైవర్‌లో కూడా శాఫ్టు హోరు మీద ధ్యాస పెట్టకూడదని, దాని వెనకాల సన్నగా వచ్చే చప్పుడునే పట్టుకోవాలని అన్నారు. “నేను చెప్పింది అదే కదమ్మా” అని కూడా అన్నారు. అది మాత్రం ఆయన అంతకుముందెప్పుడూ చెప్పలేదు!

సరే, ఫలితం. వందకు తొంభై తొమ్మిది సరైన జవాబులు. ఇక్కడితో ఆపేసి ఉంటే ఇది విజయగాథ అయ్యేది.

అంత మంచి అంకె చూస్తే ఇప్పుడు నాకు భయం. ముక్కలను ఎలా పంచానో వెనక్కి వెళ్ళి చూశాను. అన్ని పంపుల రికార్డులనూ ముక్కలు చేసి, ఒకదాని మీద ఒకటి సగం కమ్ముకునేలా పేర్చి, కలిపేసి, లాటరీ తీసినట్టు కొన్నిటిని శిక్షణకు, కొన్నిటిని పరీక్షకు ఇచ్చాను. అంటే పరీక్షలో వచ్చిన ముక్కలో సగం శిక్షణలో అప్పటికే చూసినదే. ప్రశ్నపత్రం ముందే ఇచ్చి పరీక్ష పెట్టాను. ఇంకా ఘోరం, లోపమున్న పంపులు మూడే. నెట్‌వర్క్ లోపాన్ని నేర్చుకుందో, ‘ఈ పునాది ఇలా ఊగుతుంది, ఈ పైపు ఇలా మోగుతుంది, కాబట్టి ఇది నాలుగో పంపు, నాలుగో పంపుకు జబ్బు’ అని నేర్చుకుందో ఎలా తెలుస్తుంది? తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చేశాను. అదే నెట్‌వర్క్‌ను ‘ఇది ఏ పంపు?’ అని మాత్రమే అడిగి శిక్షణ ఇచ్చాను. అది దాదాపు తప్పు లేకుండా చెప్పింది. నా అనుమానానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాత ఒక పంపును పూర్తిగా దాచిపెట్టి, మిగిలిన పదకొండింటితో నేర్పి, దాచినదాని మీద పరీక్షించాను. ఇలా పన్నెండుసార్లు. తొంభై తొమ్మిది కాస్తా అరవై నాలుగైంది.

ఈ ఉచ్చు నా ఒక్కదానిదే కాదని చదివాక కొంత ఊరట. అందరూ వాడే గుండె లయల దత్తాంశం ఎంఐటీ-బీఐహెచ్‌లో 1975–79 మధ్య తీసిన 48 అరగంట రికార్డులున్నాయి, సెకనుకు 360 కొలతలు. కానీ మనుషులు 47 మందే. 201, 202 రికార్డులు ఒకే వ్యక్తివి. రోగులను కలపకుండా శిక్షణకు, పరీక్షకు విడిగా పంచాలని 2004లో వచ్చిన ఒక విభజనను ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. అందులో 201 శిక్షణ వైపు, 202 పరీక్ష వైపు పడ్డాయి! ఒకే గుండె రెండు వైపులా. అంత జాగ్రత్తపరులకే తప్పనప్పుడు నేనెంత.

బేరింగ్‌ల విషయంలోనూ అంతే. కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం అందరికీ ఇచ్చిన బేరింగ్ డేటా చాలా ఉపయోగకరం, నేను పాఠాలు నేర్చుకున్నదీ దాని మీదే. కానీ అందులో గుంటలు వాటంతట అవి పడినవి కావు, విద్యుత్ స్పార్కులతో 0.007, 0.014, 0.021 అంగుళాల వ్యాసంతో చెక్కినవి. అంచులు తీరుగా, కొలత పక్కాగా. నా పంపుల గుంటలకు అంత క్రమశిక్షణ లేదు. అక్కడ నేర్చినది ఇక్కడికి తెచ్చుకుంటే జబ్బు ముదిరాక గుర్తుపట్టింది, మొదట్లో కాదు.

వేగం సంగతి క్లుప్తంగా చెబుతాను. భారం మారితే శాఫ్టు వేగం కొద్దిగా మారుతుంది, దాంతో 88 కాస్తా అటూ ఇటూ జరుగుతుంది. కాలం లెక్కన కాక చుట్టు లెక్కన, చుట్టుకు ఇన్ని బిందువులని మళ్ళీ అమర్చుకుంటే ఆ గొడవ తీరుతుంది. ఆ ఒక్క పనితో అరవై నాలుగు డెబ్బై తొమ్మిదైంది. నెట్‌వర్క్‌కు పొరలు చేర్చి గెలుచుకున్నది దానిలో సగం కూడా లేదు.

ఇక నా అహం మీద పడిన చివరి దెబ్బ రాకెట్. 2019లో బయటికొచ్చిన పద్ధతి. 10,000 వడపోతలను యాదృచ్ఛికంగా, శిక్షణేమీ లేకుండా, పాచికలు వేసినట్టు పుట్టిస్తుంది. ఒక్కో వడపోత నుంచి రెండే సంఖ్యలు తీస్తుంది: ఎంత ఎత్తుకు లేచింది, సున్నాకు పైన ఎంత భాగం గడిపింది. ఆ 20,000 సంఖ్యల మీద ఒక మామూలు సరళరేఖా వర్గీకరణ. అంతే. నా లాప్‌టాప్‌లో టీ చల్లారేలోగా పూర్తయింది, పంపులవారీ పరీక్షలో ఎనభై ఒకటి తెచ్చుకుంది. మూడు నెలలు పెంచిన నా నెట్‌వర్క్ కంటే రెండు ఎక్కువ. ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇప్పుడు నేను వాడుతున్నది రెండూ. రాకెట్ చెప్పిన జవాబును పెద్దాయనకు వివరించలేను. 20,000 సంఖ్యల్లో ఏది మొగ్గు చూపిందో చెప్పడం నా వల్ల కాదు. నా నెట్‌వర్క్‌లోనైతే ఆ మూడు వడపోతల తర్వాత మిగిలిన నెమ్మది గీతను తెరమీద పెట్టి, ‘ఇదిగో మీ టిక్కు’ అని చూపించగలను. చెవికి వినిపించేలా కూడా చేశాను. ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, స్క్రూడ్రైవరే నయమన్నారు.

తరగతులు నాలుగు పెట్టాం: బాగుంది, బయటి వలయం, లోపలి వలయం, గ్రీజు తక్కువ. నాలుగోదే తలనొప్పి. గ్రీజు తగ్గినప్పుడు వచ్చే గరగరకు లయ ఉండదు, తొలిదశ గుంటకు కూడా లయ సరిగా తెలియదు, రెండూ ఒకదానిలా ఒకటి ఉంటాయి. పోయిన వారం ఏడో పంపుకు నెట్‌వర్క్, పూర్తి నమ్మకం 1 అనుకుంటే, గ్రీజు తక్కువకు 0.3, బయటి వలయానికి 0.6 ఇచ్చింది. రాకెట్ గ్రీజే అంది. పెద్దాయన చాలాసేపు స్క్రూడ్రైవర్ ఆనించి నిలబడి, ముందు గ్రీజు పెట్టి చూద్దామన్నారు. పెట్టాం. బయటి వలయం విలువ 0.6 నుంచి 0.2కు దిగింది. నాలుగు రోజులు అక్కడే ఉండి, నిన్న మధ్యాహ్నానికి మళ్ళీ 0.5కు చేరింది. తెర చూపిస్తే ఆయన ఏమీ అనలేదు. స్టోరులో 6205 ఉందో లేదో కనుక్కుని రమ్మన్నారు.